ఎదుటి కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు

యుద్ధాన్ని బల్లమీద పరచుకుని ఆడుకునే వినోదం ఒకటి పాశ్చాత్య దేశాలలో చాలాకాలంగా ఉన్నది. మన పిల్లల స్నేహితుల ఇళ్ళలో, పుస్తకాల అరల్లో, పెద్ద నిఘంటువంత అట్టపెట్టెలు మీలో కొందరు చూసే ఉంటారు. మూత తీస్తే ఒక పటం, దానినిండా తేనెపట్టులాగా ఆరు భుజాల గళ్ళు, బొటనవేలి గోరంత అట్టబిళ్ళలు కొన్ని వందలు, ఒకటి రెండు పాచికలు, ముప్పై నలభై పేజీల నిబంధనల పుస్తకం ఉంటాయి. ఒక్కొక్క బిళ్ళ ఒక పటాలం. దానిమీద సాధారణంగా రెండు అంకెలు: ఒకటి బలం, రెండోది వేగం. 1954లో చార్ల్స్ రాబర్ట్స్ అనే అమెరికన్ ‘టాక్టిక్స్’ అనే ఆటను అచ్చువేసి టపా ద్వారా అమ్మడంతో ఇది వ్యాపారంగా మొదలయింది. 1958లో ఆయన కంపెనీ ఏవలాన్ హిల్ పేరుతో గెటిస్‌బర్గ్ యుద్ధాన్ని పెట్టెలో పెట్టి అమ్మింది. మన చదరంగానికి ఇది మునిమనుమడి వరస అనుకోవచ్చు.

ఈ ఆటల్లో చాలావాటికి రెండు కుర్చీలు కావాలి. విచిత్రమేమిటంటే, వీటిని కొన్నవాళ్ళలో చాలామంది ఒక కుర్చీతోనే సరిపెట్టుకుంటారు. న్యూయార్కులో ఎస్.పి.ఐ. అనే సంస్థను నడిపిన జేమ్స్ డన్నిగన్, తన పాఠకులకు ప్రశ్నపత్రాలు పంపి జవాబులు లెక్కవేసే అలవాటున్న మనిషి. ఈ ఆటలు ఎక్కువగా ఒంటరిగానే ఆడబడుతున్నాయని ఆయన 1980లో వేసిన పుస్తకంలో రాశాడు. కారణాలు ఊహించడం కష్టం కాదు. ఒక ఆటకు ఐదారు గంటలు పడుతుంది, కొన్నిటికి నెలలు పడతాయి. అదే పిచ్చి ఉన్న రెండోమనిషి మరో ఊళ్ళో ఉంటాడు. ఆసుపత్రి డ్యూటీలతో, ఫ్యాక్టరీ షిఫ్టులతో సతమతమయ్యే మన సభ్యులకు ఈ ఇబ్బంది విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక విమర్శ ప్రశ్న పుడుతుంది. ఒంటరిగా ఆడే ఆట, మనిషితో ఆడే ఆట ఒకటేనా? మొదటిది రెండోదానికి దొరకనప్పటి సర్దుబాటు మాత్రమేనా? చాలామంది అలాగే అనుకుంటారు. ఇంట్లో చేసే సాధనకూ సభలో చేసే కచేరీకీ ఉన్న సంబంధమే దీనికీ ఉందంటారు. నేను ఒప్పుకోను. ఇవి రెండు వేరు వేరు కళలు. ఒకదాని కొలబద్దతో రెండోదాన్ని కొలిస్తే రెండిటికీ అన్యాయం జరుగుతుంది. అయితే ఒంటరి ఆట ఎక్కడ నిజం చెబుతుందో, ఎక్కడ బొంకుతుందో తేల్చుకోవలసిన అవసరం మాత్రం ఉన్నది.

ఒంటరి ఆటలో మూడు రకాలున్నాయి. మొదటిది, ఇద్దరి కోసం చేసిన ఆటను ఒక్కడే రెండు చేతులతో ఆడటం. రెండోది, ఒక్కడి కోసమే తయారుచేసిన ఆట. అందులో శత్రువును పట్టికలు, కార్డులు నడుపుతాయి. మూడోది, నలుగురి కోసం చేసిన ఆటలో లేని మనుషుల స్థానాన్ని ఒక సూత్రావళితో నింపడం.

మొదటిదాన్ని చూద్దాం. 1972లో కెనడాలో వెలువడిన ‘క్విబెక్ 1759’ అనే ఆటలో అట్టబిళ్ళలు లేవు, చిన్న చెక్కముక్కలున్నాయి. వాటిని నిలబెట్టి ఆడాలి. ముక్కకు ఒకవైపే గుర్తు ఉంటుంది, అది సొంతదారుకే కనబడుతుంది. ఎదుటివాడికి అటు ఏదో ఉందని తెలుస్తుంది కాని ఏముందో తెలియదు. ఈ ఆట ప్రాణమంతా ఆ వీపు చూపించే చెక్కలోనే ఉన్నది. అది చరిత్రకు తగినదే. 1759 సెప్టెంబరు 12 రాత్రి బ్రిటిష్ నౌకాదళం బోపోర్ తీరం దగ్గర పడవలు దింపి దాడి చేయబోతున్నట్టు నటించింది. ఫ్రెంచి సేనాని మోంకామ్ కన్ను అటే ఉండగా, జనరల్ వుల్ఫ్ సైన్యం నదికి ఎగువన కొండ ఎక్కింది. తెల్లవారేసరికి అబ్రహాం మైదానంలో బారులు తీరి ఉన్నది. మోసపోవడానికి ఒక మనసు ఉంటేనే మోసం చెయ్యడం కుదురుతుంది. రెండు చేతులతో ఆడేవాడికి రెండువైపుల ముక్కలూ తెలుసు. తన కుడిచేతిలో ఉన్నది ఎడమచేతికి తెలియదని వాడు ఎంత నమ్మించుకున్నా, ఎడమచెయ్యి అటే జరుగుతుంది, లేదా కావాలని జరగకుండా ఆగుతుంది. ఆ ఆగడం కూడా తెలిసినందువల్ల వచ్చిందే.

స్టెఫాన్ జ్వైగ్ చివరి రోజుల్లో రాసిన చదరంగం కథ చాలామంది చదివే ఉంటారు. గెస్టపో నిర్బంధంలో ఒక్క గదిలో మగ్గుతున్న మనిషి, చేతికి చిక్కిన చదరంగం పుస్తకంలోని నూటయాభై ఆటలనూ కంఠస్థం చేస్తాడు. అవి అయిపోయాక తనతో తానే ఆడటం మొదలుపెట్టి మతి చలిస్తుంది. వైద్యుడిగా ఆ రోగలక్షణాల వర్ణన ఎంత సరైనదో చర్చించను. కాని పుస్తకంలోని ఆటలు ఆడుతున్నంతకాలం ఆ ఖైదీ బాగానే ఉన్నాడన్న సంగతి గమనించాలి. అవి ఇతరుల మనసుల జాడలు. తన మనసును రెండుగా చీల్చవలసి వచ్చినప్పుడే చిక్కు వచ్చింది. రెండు చేతులతో ఆడటానికి సరైన ఉపయోగం కూడా అక్కడే ఉన్నది. యుద్ధాన్ని చదువుకోవడానికి, ఏ సేనాని ఎందుకు అక్కడ ఆగిపోయాడో పటం మీద జరిపి చూసుకోవడానికి అది మంచి పద్ధతి. టీకా తాత్పర్యాలతో కావ్యం చదవడం లాంటిది. గెలుపోటములు మాత్రం దానిలో వెతకకూడదు.

వెతికితే ఏమవుతుందో చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. 1942 మే నెలలో జపాన్ నౌకాధికారులు మిడ్‌వే దాడిని ముందుగా యమాటో యుద్ధనౌకలో బల్లమీద ఆడి చూశారు. మధ్యవర్తి ఎవరంటే వాళ్ళ సంయుక్త నౌకాదళ సేనాధిపతి యమామోటోకు ప్రధాన సహాయకుడే, అడ్మిరల్ ఉగాకి. అమెరికన్ విమానాల దాడికి పాచిక వేస్తే తొమ్మిది దెబ్బలు వచ్చాయి. ఉగాకి వాటిని మూడుకు తగ్గించాడు. అయినా కాగా అనే విమానవాహక నౌక మునిగింది. ఆట తరువాతి ఘట్టంలో ఆ మునిగిన నౌకే మళ్ళీ తేలి యుద్ధానికి వచ్చింది. ఈ సంగతి ఆ నౌకాదళంలోనే పనిచేసిన ఫుచిదా, ఓకుమియాలు తరువాత తమ పుస్తకంలో రాశారు. జూన్‌లో అసలు యుద్ధం జరిగినప్పుడు కాగాతో సహా నాలుగు విమానవాహక నౌకలు మునిగాయి. తేలలేదు.

ఇక్కడ ఉగాకి పక్షాన ఒక మాట చెప్పాలి. మిడ్‌వే ద్వీపం నుంచి ఎగిరిన అమెరికన్ విమానాలు అసలు యుద్ధంలో ఆ నౌకలకు ఒక్క బాంబూ తగిలించలేకపోయాయి. నౌకలను ముంచినవి అమెరికన్ నౌకల మీదనుంచి వచ్చిన విమానాలు. కాబట్టి దెబ్బలు తగ్గించడం అంకెల దృష్ట్యా అంత అన్యాయమేమీ కాదు. లోపం లెక్కలో లేదు. తగ్గించవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం, గెలవాలని కోరుకునే పక్షం చేతిలోనే ఉండటంలో ఉన్నది. ఎదుట నిజమైన ప్రత్యర్థి కూర్చుని ఉంటే, “అయ్యా, మునిగిన ఓడ మళ్ళీ ఎలా తేలిందండీ?” అని అడిగి ఉండేవాడు. అలా అడిగే నోరు ఒకటి బల్లకు అవతల ఉండటమే మనిషితో ఆడే ఆటలోని మొదటి లాభం. ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ 1824లో ప్రచురించిన యుద్ధక్రీడలో ఇరుపక్షాలకూ సంబంధంలేని మధ్యవర్తిని పెట్టింది కూడా ఇందుకే.

రెండో రకం వేరు. ఇక్కడ శత్రువు పట్టికలో ఉంటాడు. 1983లో ఏవలాన్ హిల్ విడుదల చేసిన ‘బి-17, క్వీన్ ఆఫ్ ది స్కైస్’ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఇంగ్లండు నుంచి జర్మనీ మీదికి వెళ్ళే ఒక బాంబరు, అందులో పదిమంది సిబ్బంది. ఇరవై ఐదు దాడులు ముగిస్తే ఇంటికి పోవచ్చు. ఆటగాడు చేసే నిర్ణయాలు బహుస్వల్పం. ఏ తుపాకి ఏ విమానం మీద కాల్చాలి, దెబ్బతిన్న విమానంతో ముందుకు పోవాలా వెనక్కి తిరగాలా, ఇంతే. మిగతాదంతా పాచిక. ఇది ఆట కాదు, పాచికలతో రాసుకునే కథ అని కొందరు తీసిపారేశారు. వాళ్ళు చెప్పింది నిజమే. కాని ఆ విమానంలో కూర్చున్న ఇరవయ్యేళ్ళ కుర్రవాడి చేతిలో కూడా అంతకుమించి ఏముంది? తన పేరు పెట్టుకున్న తుపాకివాడు పంతొమ్మిదో దాడిలో చనిపోతే ఆటగాడికి కలిగే నిస్సహాయతే ఆ ఆట చెప్పదలచుకున్న విషయం. దానికి ఎదుటి మనిషి అవసరం లేదు. ఉంటే చెడిపోతుంది కూడా.

అదే సంవత్సరం వచ్చిన ‘ఆంబుష్’ మరో దారి తొక్కింది. ఎనిమిదిమంది అమెరికన్ సైనికులు ఫ్రాన్సులో ఒక పల్లె మీదికి పోతారు. ఒక్కొక్క గడిలో అడుగుపెట్టినప్పుడల్లా, కిటికీలున్న ఒక తొడుగులోంచి అంకె చూసి, పుస్తకంలో ఆ సంఖ్యగల పేరా చదవాలి. పొద వెనక మరతుపాకి ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు. మొదటిసారి ఆడినప్పుడు వేలు వణుకుతుంది. రెండోసారి ఆ పొద వెనక ఎవరున్నారో తెలుసు. అపరాధ పరిశోధక నవలను రెండోసారి చదివినట్టే. ఆ ఆటలో మనకు ప్రత్యర్థి ఉన్నాడు, అతడు రచయిత. కాని తన ఎత్తులన్నీ ముందే వేసేసి వెళ్ళిపోయాడు. మనం మారినా అతడు మారడు.

నా అభిప్రాయంలో ఈ రకంలో ఉత్తమమైనది 2009లో జాన్ బటర్‌ఫీల్డ్ తయారుచేసిన ‘డి-డే ఎట్ ఒమాహా బీచ్’. ‘ఆంబుష్’ తయారుచేసిన ఇద్దరిలో ఆయనా ఒకడు. 1944 జూన్ 6 ఉదయం నార్మండీ ఇసుకమీద దిగిన అమెరికన్ పటాలాలను మనం నడపాలి. ఇసుకగళ్ళ మీద రంగు చుక్కలు అచ్చువేసి ఉంటాయి. ఏ రంగు చుక్క ఉంటే ఆ రంగు జర్మన్ కోట నుంచి ఆ గడి కనబడుతుందన్నమాట. కార్డు తీస్తే ఈసారి ఏ రంగు కోటలు, ఏ గుర్తున్న పటాలాల మీద కాలుస్తాయో తెలుస్తుంది. పాచికలు లేవు. ఎక్కడ ప్రమాదమో ముందే తెలుసు, ఎప్పుడో తెలియదు. ఇది ఎందుకు నిజమనిపిస్తుందంటే, ఆ ఉదయం కాంక్రీటు గూళ్ళలో ఉన్న జర్మన్ సైనికులకు కూడా నిర్ణయించడానికి పెద్దగా ఏమీ లేదు. ఎదుట కనబడినదాన్ని కాల్చడమే వాళ్ళ పని. శత్రువు యంత్రంలా ప్రవర్తించిన సందర్భాన్ని ఎంచుకుని శత్రువును యంత్రంగా చూపించాడు బటర్‌ఫీల్డ్. కాబట్టి అబద్ధం లేదు.

దీన్నిబట్టి ఒక సూత్రం చెప్పుకోవచ్చు. ఎదుటివాడి నిర్ణయాలు స్వల్పమైనచోట, అంటే కోట, సముద్రం, వాతావరణం, విమాన విధ్వంసక తుపాకుల వంటివాటితో పోరాటంలో, ఒంటరి ఆట నిజాయితీగా ఉంటుంది. ఎదుటివాడి మనసే యుద్ధభూమి అయినచోట అది చేతులెత్తేస్తుంది.

వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళకు ఈ భేదం రోజూ అనుభవమే. జబ్బుకు మనమీద పగ లేదు. మందుకు లొంగని క్రిమిని తెలివైనదంటాం గాని, దానికి తెలివేమీ లేదు. లొంగినవి చచ్చాయి, లొంగనివి మిగిలి పిల్లల్ని పెట్టాయి, అంతే. జబ్బుతో మనం ఆడేది ఒంటరి ఆట. కఠినమైనదే, కాని అందులో కపటం లేదు. అందుకే ఒక మంచి అలవాటు నేర్పుతారు: పరీక్షల ఫలితాలు రాకముందే నీ అనుమానం కాగితం మీద రాసిపెట్టు, తరువాత “నేను ముందే అనుకున్నాను” అనడానికి వీలుండదు. ఒంటరిగా ఆడేవారికి కూడా ఇదే సలహా ఇస్తాను. కార్డు తియ్యకముందు మీ ఆజ్ఞ రాసిపెట్టుకోండి. అదే మీ మధ్యవర్తి. కాని రోగి జబ్బు కాదు, మనిషి. ఎన్ని పెగ్గులు తాగుతారండీ అంటే సగం చెబుతాడు. భార్య పక్కనుంటే అదీ చెప్పడు. అక్కడ పట్టిక పనికిరాదు, అతని ముఖం చూడాలి. వైద్యుడు ఏకకాలంలో రెండు బల్లల దగ్గరా కూర్చుంటాడు. ఒకదాని పద్ధతి రెండోదానిమీద ప్రయోగిస్తే చికిత్స చెడుతుంది.

ఇక మూడో రకం. మనవారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే ఆట ఒకటి ఇందులో ఉన్నది. 2019లో అమెరికాలో జి.ఎం.టి. సంస్థ ‘గాంధి’ అనే పేరుతో, బ్రూస్ మాన్సెల్ రూపొందించిన ఆటను విడుదల చేసింది. 1917 నుంచి 1947 వరకు మన స్వాతంత్ర్యోద్యమమే దాని కథ. నాలుగు పక్షాలు: బ్రిటిష్ రాజ్, కాంగ్రెస్, ముస్లిం లీగ్, విప్లవకారులు. ఉద్యమం తుపాకులది మాత్రమే కాదని, నిరసనకు కూడా బలముంటుందని ఒప్పుకుని ఆటగా మలచినందుకు మెచ్చుకోవాలి. నలుగురూ దొరకనప్పుడు ఖాళీగా ఉన్న పక్షాలను ఒక కార్డుల కట్ట నడుపుతుంది. దాని పేరు అర్జున.

ఈ పేరు చూసి నేను చాలాసేపు ఆలోచించాను. మన భారతంలో అర్జునులు ఇద్దరున్నారు. ద్రోణుడు అడిగినప్పుడు చెట్టు, కొమ్మ, ఆకులు ఏవీ కనబడక పక్షి ఒక్కటే కనబడిందన్నవాడు ఒకడు. కురుక్షేత్రంలో ఎదుట తాతను, గురువును చూసి గాండీవం జారవిడిచి, ప్రశ్నలు వేసినవాడు రెండోవాడు. కార్డులకట్టకు మొదటి అర్జునుడి పేరు అతికినట్టు సరిపోయింది. తన గెలుపు లక్ష్యం తప్ప దానికేమీ కనబడదు. రెండో అర్జునుడు అందులో లేడు, ఉండడానికి వీలూ లేదు. ఎంత పెద్ద సూత్రావళి రాసినా విల్లు కింద పెట్టడం అనే ఎత్తు అందులో పట్టదు.

మరే ఆటలోనైనా ఇది చిన్న లోపంగా వదిలెయ్యవచ్చును. గాంధీగారి ఆటలో వదలడానికి వీల్లేదు. సత్యాగ్రహమంటేనే ఎదుటివాడి హృదయంలో మార్పు తేవడం. దానికి ఎదుట హృదయం ఒకటి ఉండి తీరాలి. కోటగోడ ముందు, సముద్రం ముందు, కార్డులకట్ట ముందు సత్యాగ్రహం చెయ్యలేము. చీరాల-పేరాల సంగతి మన పెద్దలు చెప్పుకునేవారు. 1921లో పురపాలక పన్నుకు వ్యతిరేకంగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో జనం ఊరు ఖాళీచేసి, బయట పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరుపెట్టి నెలల తరబడి ఉన్నారు. పన్ను కడతారు, లేదా జైలుకు పోతారు అని సర్కారు లెక్కవేసుకుంది. ఊరే వదిలేస్తారన్నది ఆ లెక్కలో లేదు. ఆ ఎత్తుకు బలం ఎక్కడినుంచి వచ్చింది? చూస్తున్న అధికారికి, మద్రాసులో పత్రికలు చదివే పెద్దమనిషికి అది మనసులో గుచ్చుకోవాలి. గుచ్చుకుంటుందో లేదో ఎవరికీ ముందుగా తెలియదు.

ఈ ఆటకు మరో ఇబ్బంది కూడా ఉన్నది. నలుగురు మనుషులు కూర్చుంటే నిబంధనల పుస్తకంలో లేని ఆట ఇంకొకటి నడుస్తుంది. కాంగ్రెస్‌గా ఆడేవాడు లీగ్‌గా ఆడేవాడితో, ఈ దఫా పంజాబ్ జోలికి రాకు, నేను బెంగాల్ జోలికి రాను అంటాడు. మాట ఇస్తారు, నిలుపుకుంటారు, తప్పుతారు, తప్పినవాడిని తరువాతి దఫా గుర్తుపెట్టుకుంటారు. మన చరిత్రలో ఆ ముప్పై ఏళ్ళూ జరిగింది చాలావరకు ఇదే గదా. అర్జున కట్టకు మాట ఇవ్వలేము, అది తప్పదు, మన్నించదు. ఒంటరిగా ఆడితే ఆ ఆట ఒక మంచి లెక్కల సమస్య అవుతుంది. చరిత్ర మాత్రం బల్ల దగ్గరనుంచి లేచిపోతుంది.

అలాగని మనిషి ఎదురుగా ఉంటే అన్నీ సుఖమే అని చెప్పను. మనిషి విసుక్కుంటాడు, ఓడిపోతున్నప్పుడు గడియారం చూస్తాడు, గెలిచి ఎగతాళి చేస్తాడు. ఒంటరి ఆటలో తొందర లేదు, పటం వారంరోజులు బల్లమీద ఉంచవచ్చు, అర్థరాత్రి ఒక ఎత్తు వేసి పడుకోవచ్చు. ఓటమికి సాక్షులుండరు. అందువల్ల కొత్తపద్ధతులు భయంలేకుండా ప్రయత్నించవచ్చు. ఇవి చిన్న లాభాలు కావు.

కాని మనం పిల్లల్ని పెంచుతున్నవాళ్ళం. ఈ దేశాల్లో మన పిల్లలకు ఎదురాడే యంత్రాలు కావలసినన్ని దొరుకుతాయి. అవి అలసిపోవు, అలగవు, మీట నొక్కితే ఓడిన ఆటను చెరిపేసి కొత్తది మొదలుపెడతాయి. మన పల్లెల్లో అరుగుమీద సుద్దముక్కతో గీసుకుని పులి-మేక ఆడేవారు. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాలకూ బలం ఒకటి కాదు, లక్ష్యం ఒకటి కాదు. అచ్చమైన యుద్ధక్రీడే అది. మనవడితో ఆడే తాతయ్య ఒక్కోసారి చూడనట్టు నటించి పులిని ఇరికించుకుంటాడు. మరోరోజు కనికరం లేకుండా అయిదు మేకలు వరసగా మింగి, “ఏరా, ఇప్పుడేం చేస్తావు?” అంటాడు. ఏ రోజు ఏది అవసరమో ఆయనకు తెలుసు, ఆ కుర్రవాడి ముఖం చూసి తెలుసుకుంటాడు. తాను గెలవడం తన లక్ష్యం కాదని నిర్ణయించుకోగల ప్రత్యర్థి మనిషి ఒక్కడే.

ఈ పెట్టెలు కొనాలనుకునే సభ్యులకు నా సలహా ఇది. ఒంటరిగా ఆడదలచుకుంటే ‘ఒమాహా బీచ్’తో మొదలుపెట్టండి, శత్రువు గురించి అది మీకు అబద్ధం చెప్పదు. ఇంట్లో పన్నెండేళ్ళు దాటిన పిల్లలుంటే ‘క్విబెక్ 1759’ కొని వాళ్ళ ఎదుట కూర్చోండి. నిబంధనలు కొద్దిపాటివే, ఒక సాయంత్రంలో ముగుస్తుంది. ‘గాంధి’ మాత్రం నలుగురు దొరికేవరకు విప్పవద్దు. మన సంఘం సమావేశాల్లో భోజనాల తరువాత పేకాటకు నాలుగైదు బల్లలు పడుతూనే ఉంటాయి. వాటి పక్కన ఇంకొక బల్ల వేస్తే నలుగురు దొరకకపోరు. కాంగ్రెస్‌గా ఎవరైనా ఆడతారు. రాజ్‌గా ఆడటానికి మనలో ఒకరు ముందుకు వచ్చి, ఆ కుర్చీలోంచి మన ఉద్యమం ఎలా కనబడిందో ఒక సాయంత్రమైనా చూడాలని నా కోరిక.